పరాయి గడ్డను ఒళ్లు ఎందుకు మోస్తుంది?

చిత్త కార్తెకూ కుక్కలకూ ఉన్న సంబంధం తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ కార్తెలో జతకట్టిన కుక్కల్లో కొన్నిటికి రెండు నుంచి ఆరు నెలల్లో, అంటే సంక్రాంతికి కాస్త ముందు నుంచి ఉగాది దాటేదాకా, జననాంగాల మీద గడ్డ లేస్తుంది. కడపలోనో ప్రొద్దుటూరులోనో పశువుల ఆసుపత్రికి కుక్కను తెచ్చిన మనిషి సాధారణంగా చెప్పే మాట ఒకటే: "ఒంటికి పోసేటప్పుడు రక్తం పడుతోంది సార్." నిజానికి ఆ రక్తం మూత్రంలోది కాదు. డాక్టరు చేతికి తొడుగు వేసుకుని తోలు వెనక్కి లాగి చూస్తే ఎర్రగా, పొరలు పొరలుగా పెరిగి, వేలు తగిలితే చాలు చిట్లిపోయే కండ కనిపిస్తుంది. చూడటానికి క్యాలీఫ్లవర్‌లా ఉంటుంది. పుస్తకాల్లో దాని పేరు ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్. ఆసుపత్రి వాడుకలో టి.వి.టి.

సుఖవ్యాధి అనగానే వైరసో బ్యాక్టీరియానో అనుకుంటాం. ఇక్కడ ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునేది సాక్షాత్తూ క్యాన్సర్ కణమే. కుక్క కణంలో 78 క్రోమోజోములుంటాయి. ఈ గడ్డ కణాల్లో అరవైకి అటూ ఇటూగా మాత్రమే ఉంటాయి, వాటి ఆకారం కూడా మారిపోయి ఉంటుంది. అంటే ప్రొద్దుటూరు వీధి కుక్క మీద పెరుగుతున్న కండ ఆ కుక్కది కాదు. వేల ఏళ్ల కిందట ఎప్పుడో ఒకే ఒక్క కుక్కలో పుట్టిన క్యాన్సర్, ఆ కుక్క చచ్చిపోయినా, ఒంటి నుంచి ఒంటికి మారుతూ ఖండాలు దాటింది. దీని వయసు 4,000 నుంచి 8,500 ఏళ్ల మధ్య ఉంటుందని 2019లో వచ్చిన డీఎన్‌ఏ విశ్లేషణ లెక్కగట్టింది. 1876లో రష్యా పశువైద్యుడు నొవిన్‌స్కీ ఒక కుక్క గడ్డ ముక్కను ఇంకో కుక్కకు అంటించి, అది అక్కడ పెరగడం చూపించాడు. ప్రయోగశాలలో గడ్డను మార్పిడి చేసిన తొలి విజయం అదే. తర్వాత నూటయాభై ఏళ్లలో కోట్ల ఎలుకలకు అంటించిన గడ్డలన్నీ ఆ దారిలోనివే.

ఇక్కడే చిక్కు ప్రశ్న వస్తుంది. పరాయి మనిషి కిడ్నీని అమర్చుకుంటే జీవితాంతం మందులు మింగాలి, లేకపోతే ఒళ్లు దాన్ని తోసేస్తుంది. మరి పరాయి కుక్క క్యాన్సర్‌ను ఈ కుక్క ఒళ్లు మందూ మాకూ లేకుండానే నెలల తరబడి ఎలా మోస్తోంది? అంతకన్నా వింత ఇంకోటి. కొన్ని కుక్కల్లో, ముఖ్యంగా ప్రయోగంగా అంటించినప్పుడు, కొన్ని నెలలు పెరిగిన గడ్డ దానంతటదే కరిగిపోతుంది. అలా కరిగాక అదే కణాలను మళ్లీ ఎక్కించినా పట్టుకోవు. పెరిగినప్పుడూ కరిగినప్పుడూ గడ్డ అదే, కుక్క అదే. మారిందల్లా ఆ ఒంట్లోని యాంటీబాడీలకూ రోగనిరోధక కణాలకూ మధ్య నడిచే వ్యవహారం.

స్లైడు మీద కనిపించేది

ఈ వ్యవహారంలో కొంత భాగాన్ని మైక్రోస్కోపు ఉన్న ఏ పశువైద్యశాలలోనైనా చూడొచ్చు. గాజు స్లైడును గడ్డ మీద మెత్తగా అద్ది, గాలికి ఆరనిచ్చి, జీమ్సా రంగు వేసి చూస్తారు. జోరుగా పెరుగుతున్న గడ్డలో గుండ్రటి పెద్ద కణాలు ఒత్తుగా పరుచుకుని ఉంటాయి. కణద్రవ్యంలో సూదితో పొడిచినట్టు తెల్లటి చిన్న బుడగలు వరసగా కనిపిస్తాయి. టి.వి.టి. అని తేల్చి చెప్పే గుర్తు అదే. తగ్గుముఖం పట్టిన గడ్డ స్లైడు వేరుగా ఉంటుంది. గుండ్రటి కణాల మధ్య లింఫోసైట్లు అనే చిన్న చిన్న తెల్ల రక్తకణాలు దూరి ఉంటాయి, వాటితోపాటు కేంద్రకం ఒక పక్కకు ఒరిగిన ప్లాస్మా కణాలు కూడా. యాంటీబాడీలను తయారుచేసి వదిలేది ప్లాస్మా కణాలే. అంటే గడ్డ ఓడిపోతున్న చోట చంపే కణాలూ, యాంటీబాడీ కార్ఖానాలూ పక్కపక్కనే ఉంటాయి. ఏది కారణం, ఏది ఫలితం అన్నది మాత్రం స్లైడు చెప్పదు. దానికి ప్రయోగాలే కావాలి.

గడ్డ పెరిగే దశలో ఏం చేస్తుందో తైవాన్ పరిశోధకులు 2000 తర్వాతి ఏళ్లలో వివరంగా చూపించారు. ప్రతి కణం తన గుర్తింపును ఎంహెచ్‌సీ అనే ప్రొటీన్ల రూపంలో పైపొర మీద ప్రదర్శిస్తుంది. లింఫోసైట్లలో ఒక రకమైన టి కణాలు పరాయిదాన్ని పసిగట్టేది వీటిని చూసే. పెరిగే దశలో టి.వి.టి. కణాల్లో నూటికి అయిదు కూడా వీటిని చూపించవు. గడ్డ విడుదల చేసే టీజీఎఫ్-బీటా అనే రసాయనం ఆ ప్రదర్శనను అణచి ఉంచుతుంది. గడ్డలోకి దూరిన లింఫోసైట్లు ఐఎల్-6 అనే మరో రసాయనాన్ని తగినంతగా వదలగలిగితే ఆ అణచివేత తెగిపోతుంది. అప్పుడు నూటికి ముప్పై, నలభై కణాల మీద ఎంహెచ్‌సీ తిరిగి కనిపిస్తుంది. అక్కడి నుంచి గడ్డ కరగడం మొదలవుతుంది.

ముఖం దాచుకుంటే టి కణాల నుంచి తప్పించుకోవచ్చు గానీ దానికో మూల్యం ఉంది. ఎంహెచ్‌సీ బొత్తిగా లేని కణాన్ని న్యాచురల్ కిల్లర్ కణాలు వదలవు. 1986లో స్వీడన్‌లో కేరె, యుంగ్రెన్ బృందం ఎలుకల లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) కణాలతో ఈ విషయాన్ని రుజువు చేసింది. ఎంహెచ్‌సీ ఉన్న కణాలను ఎక్కిస్తే ఎలుకలో గడ్డ లేచింది, అది కోల్పోయిన కణాలను ఎక్కిస్తే న్యాచురల్ కిల్లర్ కణాలు ఏరిపారేశాయి. టి.వి.టి. ఈ రెంటి మధ్యా సన్నటి గట్టు మీద నడుస్తోంది, వేల ఏళ్లుగా.

కణాలా, సీరమా: అరవై ఏళ్ల తగువు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక ఎలుక గడ్డను ఇంకో ఎలుకకు అంటించిన వాళ్లు అది కరిగిపోవడం చూసి సంబరపడ్డారు, క్యాన్సర్‌కు టీకా దొరికిందనుకున్నారు. కాస్త ఆలస్యంగా తెలిసిందేమిటంటే, అక్కడ ఒళ్లు తరిమేసింది క్యాన్సర్‌ను కాదు, పరాయి ఎలుక మాంసాన్ని. అదే ఎలుక చర్మం అంటించినా అలాగే తోసేసేది. ఇప్పటికీ ఏదో మందు ఎలుకల్లో గడ్డలను మాయం చేసిందని వార్త వచ్చినప్పుడల్లా మొదట అడగాల్సింది ఇదే: గడ్డా ఎలుకా ఒకే వంశానివా, కావా?

ఆ పొరపాటు నుంచే మరో గొప్ప విషయం బయటపడింది. 1936-37లో లండన్‌లో పీటర్ గోరర్ ఎలుకల సీరంలోని, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలోని యాంటీబాడీలతో పనిచేస్తూ, గడ్డను తోసేయడానికీ ఒక నిర్దిష్టమైన కణ ప్రొటీనుకూ సంబంధం ఉందని కనుక్కున్నాడు. జార్జ్ స్నెల్ దాన్ని వంశపారంపర్యంగా విడదీసి చూపాడు. ఇవాళ ఎలుకల్లో హెచ్-2 అని, మనుషుల్లో హెచ్ఎల్ఏ అని పిలిచే ఎంహెచ్‌సీ కథ అక్కడ మొదలైంది. స్నెల్‌కు 1980లో నోబెల్ వచ్చింది. గోరర్ అప్పటికి లేడు. కిడ్నీ మార్పిడికి ముందు దాతకూ రోగికీ చేసే హెచ్ఎల్ఏ పరీక్షలకు మూలం ఎలుక గడ్డల్లో ఉందన్నది చాలామంది డాక్టర్లే మరిచిపోయిన సంగతి.

యాంటీబాడీ సాయంతో గుర్తుపట్టారు కాబట్టి యాంటీబాడీయే గడ్డను చంపుతోందని అనుకోవడం సహజం. 1950ల మొదట్లో మిచిసన్ ఆ నమ్మకాన్ని దెబ్బకొట్టాడు. పరాయి గడ్డను తోసేసిన ఎలుక నుంచి సీరం తీసి, అదే వంశపు కొత్త ఎలుకకు ఎక్కించాడు. ఏమీ జరగలేదు. గడ్డ దగ్గరి లింఫు గ్రంథుల కణాలు తీసి ఎక్కిస్తే మాత్రం కొత్త ఎలుక గడ్డను వేగంగా తోసేసింది. దాదాపు అదే కాలంలో అమెరికాలో ఆల్జైర్ బృందం పరాయి కణాలను సన్నటి జల్లెడ పొరతో చేసిన చిన్న డబ్బీలో పెట్టి ఎలుక ఒంట్లో దాచింది. యాంటీబాడీలు ఆ పొరలోంచి లోపలికి వెళ్లగలవు, కణాలు వెళ్లలేవు. డబ్బీలోని కణాలు హాయిగా బతికాయి. పొర చిరిగి ఎలుక కణాలు లోపలికి దూరిన డబ్బీల్లో మాత్రం చచ్చిపోయాయి. తీర్పు అయిపోయినట్టే కనిపించింది: చంపేది కణమే, సీరం ఉత్తిదే.

ఉత్తిదై ఉంటే గొడవే లేదు. జాక్సన్ లేబొరేటరీలో నేథన్ కాలిస్ చూసింది ఇంకా విచిత్రం. సార్కోమా-1 అనే గడ్డ 'ఏ' అనే వంశపు ఎలుకల్లో పుట్టింది. వేరే వంశపు ఎలుకకు అంటిస్తే నిలవదు. అయితే ఆ గడ్డ మీద ముందే తయారైన యాంటీబాడీలున్న సీరాన్ని ఎక్కించి, ఆ తర్వాత గడ్డ అంటిస్తే, పరాయి గడ్డ చక్కగా పెరిగి ఎలుకనే చంపేసింది. గడ్డకు వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీయే గడ్డకు కాపలా కాసింది. దీనికి ఇమ్యునలాజికల్ ఎన్‌హాన్స్‌మెంట్ అని పేరు పెట్టారు. 1960ల చివర్లో హెల్‌స్ట్రోమ్ దంపతులు క్యాన్సర్ రోగుల సీరంలోనే టి కణాల పనిని అడ్డుకునే అంశాలున్నాయని, వాటిలో కొన్ని యాంటీబాడీ, గడ్డ ప్రొటీను కలిసి పేరుకున్న ముద్దలని చెప్పడంతో ఈ అనుమానం మనుషుల దాకా పాకింది.

మరి ఇంకో వైపు గోరరే చూపించిన సాక్ష్యం ఉంది. లుకేమియా (రక్త క్యాన్సర్) కణాలను ఎక్కించిన ఎలుకలకు అదే రకం సీరం ఇస్తే ఆ కణాలు చచ్చిపోయాయి. సార్కోమాకు కాపలా కాసిన సీరం జాతే లుకేమియాను చంపింది. కాబట్టి "యాంటీబాడీ మంచిదా, చెడ్డదా" అన్న ప్రశ్నే తప్పు. ఇన్నేళ్ల తగువులో రెండు పక్షాల ప్రయోగాలూ నిజమే. రెండు పక్షాలూ చూడనిది ఒకటుంది: యాంటీబాడీ రెండో కొస.

కిడ్నీలో నిమిషాలు, గడ్డలో నెలలు

ఆ కొస దగ్గరికి వెళ్లే ముందు ఒక పోలిక అవసరం. యాంటీబాడీకి ఒంటరిగా చంపే శక్తి లేదని అనుకుంటే కిడ్నీ మార్పిడి ఆ మాటను క్షణంలో తప్పని తేలుస్తుంది. దాత హెచ్ఎల్ఏ మీద రోగి ఒంట్లో ముందే యాంటీబాడీలుంటే, గతంలో ఎక్కించిన రక్తం వల్లో, కాన్పుల వల్లో, పాత మార్పిడి వల్లో అవి తయారై ఉంటే, రక్తనాళాలు కలిపి కుట్టిన నిమిషాల్లో, గంటల్లో కొత్త కిడ్నీ నీలంగా మారి చచ్చిపోతుంది. దీన్ని ముందే పట్టుకోవడానికి దాత కణాలను రోగి సీరంతో కలిపి చూసే పరీక్షే క్రాస్‌మ్యాచ్. 1969లో పటేల్, టెరసాకి ప్రచురించిన లెక్క ప్రకారం, క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చిన 30 మార్పిడుల్లో 24 వెంటనే పాడయ్యాయి. నెగెటివ్ వచ్చిన 195లో పాడైనవి 8. రాయలసీమ నుంచి కిడ్నీ మార్పిడి కోసం తిరుపతికో, హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్లిన కుటుంబాలకు క్రాస్‌మ్యాచ్ రిపోర్టు కోసం ఎదురుచూడటమంటే ఏమిటో తెలుసు.

అదే యాంటీబాడీ గడ్డ దగ్గర ఎందుకు తేలిపోతుంది? జవాబు రక్తనాళాల్లో ఉంది. కిడ్నీ తన రక్తనాళాలతో సహా వస్తుంది. ఆ నాళాల లోపలి పొర దాతది, నిండా దాత హెచ్ఎల్ఏ ఉంటుంది. రక్తంలో తిరిగే యాంటీబాడీకీ, దానికి తోడుండి, అది పట్టుకున్న కణాన్ని దెబ్బతీసే కాంప్లిమెంట్ ప్రొటీన్లకూ ఆ పొర ఎదురుగానే దొరుకుతుంది. పొర దెబ్బతింటే రక్తం గడ్డకడుతుంది, అవయవం మొత్తం పోతుంది. అంటించిన గడ్డ అలా కాదు. కొన్ని కణాలుగా వస్తుంది, తర్వాత ఆతిథ్యమిచ్చిన ఒంటి రక్తనాళాలనే తన వైపు పెంచుకుంటుంది. నాళాల పొర సొంత ఒంటిది కాబట్టి యాంటీబాడీ దాన్ని ముట్టుకోదు. నాళం దాటి బయటికి వచ్చి, కండలోకి ఊరి, ఒక్కో కణాన్నీ విడివిడిగా పట్టుకోవాలి. లుకేమియా సీరానికి లొంగడానికి ఒక కారణం ఇదే, దాని కణాలు రక్తంలోనే తిరుగుతుంటాయి.

పట్టుకున్నాక కూడా కాంప్లిమెంట్ మొదలవ్వాలంటే యాంటీబాడీలు ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా కూర్చోవాలి. ఐజీజీ రకం యాంటీబాడీలు ఆరు గుంపుగా చేరినప్పుడు కాంప్లిమెంట్ తొలి ప్రొటీన్ వాటిని గట్టిగా పట్టుకుంటుందని 2014లో తేలింది. పైపొర మీద లక్ష్యం పలచగా ఉంటే ఆ గుంపు కట్టదు. ఎంహెచ్‌సీని దాచేసే టి.వి.టి. కణం టి కణాల నుంచే కాదు, ఎంహెచ్‌సీ మీది యాంటీబాడీల నుంచి కూడా ఇలాగే తప్పించుకుంటుంది. చాలా క్యాన్సర్ కణాలు సీడీ55, సీడీ59 వంటి ప్రొటీన్లతో కాంప్లిమెంట్‌ను మధ్యలోనే ఆపేస్తాయి. ఇంకో ఎత్తుగడ కూడా ఉంది. 1960ల్లో న్యూయార్క్‌లో బాయిస్, ఓల్డ్ బృందం టీఎల్ అనే గుర్తున్న లుకేమియాను దాని మీద యాంటీబాడీలున్న ఎలుకల్లోకి ఎక్కించింది. లుకేమియా చావలేదు, టీఎల్ గుర్తును పైపొర మీంచి తీసేసుకుంది. అక్కడి నుంచి యాంటీబాడీలు లేని ఎలుకకు మారిస్తే గుర్తు మళ్లీ పైకొచ్చింది.

తోక ఎవరి చేతికి చిక్కింది

యాంటీబాడీ ఆకారం ఇంగ్లిష్ వై అక్షరం. పైన రెండు చేతులు లక్ష్యాన్ని పట్టుకుంటాయి. కింద ఉన్న తోకను ఎఫ్‌సీ అంటారు. రోగనిరోధక కణాలు తమ పైపొర మీది ఎఫ్‌సీ గ్రాహకాలతో ఆ తోకను పట్టుకుంటాయి. 1965 నుంచి స్టాక్‌హోమ్‌లో జరిగిన పరిశోధనలు చూపించిందేమిటంటే, ముందుగా ఏ టీకా, ఏ శిక్షణా లేని లింఫు కణాలు కూడా, యాంటీబాడీ పూసి ఉన్న లక్ష్యాన్ని చంపగలవు. న్యాచురల్ కిల్లర్ కణం సీడీ16 గ్రాహకంతో తోకను పట్టుకుని, పెర్‌ఫొరిన్‌తో లక్ష్యం పొరకు రంధ్రం చేసి, గ్రాంజైమ్‌లను లోపలికి దింపుతుంది. మాక్రోఫేజ్ అయితే అదే తోక ఆధారంగా కణాన్ని అమాంతం మింగేస్తుంది.

ఈ గ్రాహకాల్లో "కానివ్వు" అనేవి కొన్ని, "ఆగు" అనేది ఒకటి. "ఆగు" అనేదాని పేరు ఎఫ్‌సీ గామా 2బి. ఒకే తోక రెండు రకాలకూ అతుక్కోగలదు. 2000లో క్లైన్స్, రావెచ్ చేసిన ప్రయోగం ఈ రంగంలో ఒక మలుపు. మనిషి రొమ్ము క్యాన్సర్, లింఫోమా కణాలను ఎలుకల్లోకి అంటించి ట్రాస్టుజుమాబ్, రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందులు ఇచ్చారు. "కానివ్వు" గ్రాహకాలు పనిచేయని ఎలుకల్లో మందు చాలావరకు పనికిరాకుండా పోయింది. "ఆగు" గ్రాహకం లేని ఎలుకలో ట్రాస్టుజుమాబ్ మామూలు కంటే బలంగా పనిచేసింది. మందు అదే, గడ్డ అదే. ఫలితాన్ని మార్చింది ఎలుక కణాల మీది గ్రాహకాలు.

ఈ ఎలుకల విషయం మనుషులకూ వర్తించింది. సీడీ16 గ్రాహకంలో 158వ స్థానంలో కొందరికి వాలిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, కొందరికి ఫినైల్‌అలనిన్. వాలిన్ ఉన్న గ్రాహకం తోకను గట్టిగా పట్టుకుంటుంది. రెండు జన్యువుల్లోనూ వాలిన్ ఉన్న లింఫోమా రోగులకు రిటుక్సిమాబ్ మెరుగ్గా పనిచేసిందని 2002లో ఫ్రాన్స్ నుంచి కార్ట్రాన్ బృందం ప్రకటించింది. రిటుక్సిమాబ్ మన దగ్గర కొత్త మాట కాదు. డాక్టర్ రెడ్డీస్ 2007లోనే హైదరాబాదు నుంచి రెడిటక్స్ పేరుతో దాని బయోసిమిలర్‌ను, అంటే దాదాపు అలాంటిదే అయిన మందును తెచ్చింది. ఇవాళ కర్నూలులో లింఫోమా రోగి చేతికి ఎక్కే సీసా వెనక ఈ తోక కథంతా ఉంది. తోక మీద ఉండే చక్కెర గొలుసులోంచి ఫ్యూకోజ్ అనే చక్కెరను తగ్గిస్తే సీడీ16 పట్టు ఇంకా బిగుస్తుంది. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఒబినుటుజుమాబ్ ఆ లెక్కతో తయారైందే.

ఇప్పుడు కాలిస్ ఎలుకల దగ్గరికి వెనక్కి వెళ్తే అక్కడి వింత అంత వింతగా అనిపించదు. యాంటీబాడీలు గడ్డ గుర్తులను కప్పేస్తే టి కణాలకు ఆ గుర్తులు కనిపించవు. యాంటీబాడీ ముద్దలు "ఆగు" గ్రాహకానికి తగులుకుంటే స్పందనే చల్లబడుతుంది. కాంప్లిమెంట్ కూడా నమ్మదగ్గ స్నేహితుడేమీ కాదు. అది తెగినప్పుడు పుట్టే సీ5ఏ అనే ముక్క టి కణాలను అణిచే కణాలను గడ్డలోకి పిలిచి, గడ్డ పెరగడానికే తోడ్పడుతుందని 2008లో ఎలుకల్లో తేలింది. ప్లాస్మా కణాలకు మూలమైన బి కణాలే అసలు లేని ఎలుకల్లో కొన్ని అంటించిన గడ్డలు నిలవలేకపోయాయని, టి కణాల స్పందన మెరుగైందని 1998లోనే వచ్చింది. ఇవన్నీ చదివితే యాంటీబాడీని దోషిగా నిలబెట్టాలనిపిస్తుంది. తొందరపడక్కర్లేదు.

నిద్ర లేచిన కణం చేతిలో

2015లో స్టాన్‌ఫర్డ్ నుంచి కార్మి, ఎంగిల్‌మన్ బృందం పాత ప్రశ్నను కొత్తగా అడిగింది. ఒక వంశపు ఎలుక గడ్డను వేరే వంశపు ఎలుక ఎందుకు తోసేస్తుంది? టి కణాలు చంపుతాయన్నది సరే, వాటికి మొదటి కబురు ఎవరు చెప్పారు? వాళ్లకు కనిపించిందేమిటంటే, పరాయి గడ్డ అంటించిన కొద్ది రోజులకే ఐజీజీ యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటున్నాయి. ఎప్పుడూ ఆ గడ్డను చూడని ఎలుకల సీరంలో కూడా పరాయి వంశపు కణాలకు అతుక్కునే యాంటీబాడీలు సహజంగానే ఉన్నాయి. వాటి తోకలను పట్టుకుని డెండ్రైటిక్ కణాలు గడ్డ ముక్కలను మింగి, లింఫు గ్రంథుల్లోని టి కణాలకు చూపిస్తున్నాయి. డెండ్రైటిక్ కణం స్వయంగా హంతకి కాదు. ఏది శత్రువో టి కణానికి నేర్పే పని దానిది.

ఆ సీరాన్ని తీసి, సొంత గడ్డ పెరుగుతున్న ఎలుకకు ఎక్కిస్తే? ఒక్క యాంటీబాడీతో పెద్దగా ఫలితం లేదు. గడ్డలోపలి డెండ్రైటిక్ కణాలు మొద్దుబారి ఉన్నాయి. యాంటీబాడీతోపాటు ఆ కణాలను మేల్కొలిపే ఉత్ప్రేరకాలు, ఉదాహరణకు సీడీ40ను తట్టే యాంటీబాడీ, టీఎన్ఎఫ్ ఆల్ఫా, కలిపి గడ్డలోకి ఇస్తే గడ్డలు కరిగాయి. సూది పడని చోట ఉన్న గడ్డలు కూడా తగ్గాయి. ఎఫ్‌సీ గ్రాహకం లేని డెండ్రైటిక్ కణాలతో మాత్రం ఇది జరగలేదు.

మిచిసన్ సీరం ఎందుకు ఫలించలేదో, కాలిస్ సీరం ఎందుకు ఎదురు తిరిగిందో, గోరర్ సీరం ఎందుకు చంపిందో ఈ ఒక్క ప్రయోగంతో పోల్చి చూస్తే చాలా మటుకు అర్థమవుతుంది. యాంటీబాడీ చేసేది పట్టుకోవడం వరకే. తోక న్యాచురల్ కిల్లర్ చేతికి చిక్కితే ఆ కణం చస్తుంది. మేల్కొన్న డెండ్రైటిక్ కణం చేతికి చిక్కితే టి కణాల దండు తయారవుతుంది. మొద్దుబారిన కణం చేతిలోనో, "ఆగు" గ్రాహకం దగ్గరో చిక్కితే గడ్డ బతికిపోతుంది. అరవై ఏళ్లపాటు సీరం పక్షం, కణాల పక్షం అని విడిపోయి వాదించుకున్నది నిజానికి ఒకే పనిలో రెండు సగాల గురించి. అయితే ఎలుక గడ్డ వారాల్లో పెరుగుతుంది, మనిషి గడ్డ ఏళ్లు తీసుకుంటుంది. ఎలుకలో కరిగిందని మనిషిలో కరగాలని లేదు.

మనుషుల్లో అనుకోకుండా జరిగిన గడ్డ మార్పిడులు కొన్ని ఉన్నాయి. 1968లో ప్రచురితమైన ఒక కేసులో, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న దాత కిడ్నీతోపాటు క్యాన్సర్ కూడా రోగికి వచ్చింది. నిరోధశక్తిని అణిచే మందులు ఆపి, కిడ్నీ తీసేశాక, ఆ పరాయి క్యాన్సర్‌ను కూడా రోగి ఒళ్లు తోసేసింది. అవయవ దాతలకు క్యాన్సర్ ఉందేమోనని ఇవాళ ముందే అంత గట్టిగా చూడటానికి ఇలాంటి కేసులు ఒక కారణం.

కుక్కలకు వస్తే, తల్లికి టి.వి.టి. సోకి ఉంటే ఆ పిల్లలకు ఈ గడ్డ అంత తేలిగ్గా పట్టుకోదని పశువైద్య గ్రంథాల్లో ఉంది. పిల్లకు ముర్రుపాలలో వచ్చేది ముఖ్యంగా యాంటీబాడీలే. వైద్యం మాత్రం విన్‌క్రిస్టిన్. పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసిన మందే అది. వారానికి ఒక ఇంజెక్షన్ చొప్పున కొన్ని వారాలిస్తే చాలా కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి. విభజన జరుపుకుంటున్న కణాలను ఆ మందు ఆపుతుందనే చాలాకాలం అనుకున్నారు. 2018లో తగ్గుతున్న గడ్డల జన్యు చురుకుదనాన్ని దశలవారీగా చూసిన పరిశోధన మరో సంగతి చెప్పింది. మందు పడిన తొలి రోజుల్లోనే రోగనిరోధక కణాలను పిలిచే సంకేతాలు పెరుగుతాయి, వెనకనే టి, బి, న్యాచురల్ కిల్లర్ కణాలు మూడూ గడ్డలోకి దిగుతాయి. మందు గడ్డ మీద పనిచేసినంతగా చుట్టూ ఉన్న ఒంటి మీదా పనిచేస్తోందన్నమాట. ఇక జబ్బు రాకుండా చూడాలంటే కుక్కలకు సంతాన నిరోధక ఆపరేషన్లను మించిన ఉపాయం లేదు. మునిసిపాలిటీలు ఆ పనిని రేబిస్ లెక్కలోనే చూస్తాయి గానీ టి.వి.టి.కి కూడా అదే కట్టడి.

తోక మీద ఇంత పట్టు దొరికాక మందుల తయారీ ఎలా మారిందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 1996లో జేమ్స్ అలిసన్ బృందం ఎలుకల్లోకి అంటించిన గడ్డలను టి కణాల మీద ఉండే సీటీఎల్ఏ-4 అనే ప్రొటీన్ మీది యాంటీబాడీతో కరిగించింది. ఆ పని 2011లో ఇపిలిముమాబ్‌గా మనుషుల మందైంది, 2018లో అలిసన్‌కు నోబెల్ తెచ్చింది. టి కణాల మీది బ్రేకును ఆ యాంటీబాడీ ఊడదీస్తుందని అందరూ చెప్పుకున్నారు. 2013లో ఎలుకల మెలనోమాలో చూస్తే, గడ్డలోపలి నియంత్రక టి కణాల మీద సీటీఎల్ఏ-4 విపరీతంగా ఉంది, యాంటీబాడీ వాటికి అతుక్కుంది, తోకను పట్టుకుని మాక్రోఫేజ్‌లు ఆ కణాలను ఏరేశాయి. బ్రేకు ఊడటంతోపాటు బ్రేకు వేసేవాళ్లే పోయారు. మనుషుల గడ్డల్లో కూడా ఇదే జరుగుతోందా అన్నదానిపై పరిశోధకులు రెండుగా చీలి ఉన్నారు. తోక చురుగ్గా ఉండే ఐజీజీ1 రకం ఇపిలిముమాబ్‌ది. అదే లక్ష్యం మీది ట్రెమెలిముమాబ్‌ది తోక పట్టు తక్కువగా ఉండే ఐజీజీ2.

టి కణాలకు మరో బ్రేకు అయిన పీడీ-1 దగ్గర లెక్క తిరగబడుతుంది. ఆ గ్రాహకం గడ్డతో పోరాడుతున్న టి కణాల మీదే ఉంటుంది. చురుకైన తోకున్న యాంటీబాడీ దానికి అతుక్కుంటే మాక్రోఫేజ్ మింగేది మనవైపు కణాన్నే. అందుకే పీడీ-1 మీది యాంటీబాడీ అయిన నివోలుమాబ్‌ను తోక పట్టు చాలా తక్కువగా ఉండే ఐజీజీ4తో తయారుచేశారు. ఎదురుగా గడ్డ కణం మీద ఉండి పీడీ-1ను నొక్కే పీడీ-ఎల్1 విషయంలో రెండు కంపెనీలు రెండు దారులు పట్టాయి. అటెజోలిజుమాబ్ తోక మీది చక్కెరను తీసేసి గ్రాహకాలకు చిక్కకుండా చేశారు. అవెలుమాబ్ తోకను న్యాచురల్ కిల్లర్ కణాలు పట్టుకునేలా యథాతథంగా ఉంచేశారు. రెండూ రోగుల చేతికి ఎక్కుతున్న మందులే.